బీటీ పత్తి: సైన్సు గెలిచిందా, రాజకీయం గెలిచిందా? (పరీక్ష కోసం మొదలుపెట్టా, ఇప్పుడు నిజంగానే అర్థం కావట్లేదు)

గది_నం_14 | శనివారం, రాత్రి 9:05

అందరికీ నమస్కారం. అశోక్‌నగర్‌లో ఉండి గ్రూప్-1కి చదువుతున్నాను. సైన్స్ అండ్ టెక్నాలజీ పేపర్‌కి నోట్సు రాసుకుంటూ బీటీ పత్తి (కాయతొలిచే పురుగును చంపే బాక్టీరియా జన్యువు పెట్టిన పత్తి) దగ్గర ఆగిపోయాను. ఒక మెటీరియల్‌లో బీటీ వల్ల దిగుబడి పెరిగింది, మందుల వాడకం తగ్గింది అని ఉంది. ఇంకో దాంట్లో అదే బీటీ రైతుల ఆత్మహత్యలకు కారణమని ఉంది. రెండూ ఒకే షాపులో కొన్నవే! సార్‌ని అడిగితే "సైన్సు ఎప్పుడూ శుద్ధమే, రాజకీయం అంటుకుంటేనే చెడుతుంది, అలా రాసెయ్" అన్నారు. మార్కులు వస్తాయేమో గానీ నాకు మింగుడు పడలేదు. మాది వరి పండించే ఊరు, పత్తి సంగతి తెలియదు. తెలిసినవాళ్లు కొంచెం చెప్పండి.

డల్లాస్_బాబాయ్ | రాత్రి 9:40

మీ సార్ చెప్పింది కరెక్టే తమ్ముడూ. మాది గుంటూరు జిల్లా. 1987 నాటికి నేను ఎనిమిదో తరగతి. ఆ ఏడాది గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పత్తికి తెల్లదోమ, శనగపచ్చ పురుగు కలిసి పట్టాయి. మా నాన్న ఒక్క పంటకు పాతిక సార్లు మందు కొట్టాడు. సాయంత్రం ఇంటికొస్తే అన్నం కలుపుకోవడానికి చేతులకు పట్టు ఉండేది కాదు, అమ్మ కలిపి పెట్టేది. ఆ చొక్కా వాసన నాకు ఇప్పటికీ గుర్తే. బీటీ వచ్చాక ఆ పురుగుకి కొట్టడం రెండు మూడు సార్లకు దిగింది. ఇది సైన్సు చేసిన పని. మిగతాదంతా ఎన్జీఓలు, పార్టీలు కలిసి చేసిన గోల. అంతే.

జీవకణం | రాత్రి 10:22

బాబాయ్ గారూ, మీ నాన్నగారి సంగతి చదివి మనసు కలుక్కుమంది. అయినా "అంతే" అన్నచోట ఒప్పుకోలేను. నేను మాలిక్యులర్ బయాలజీలో పనిచేస్తాను, పత్తిలో కాదు.

ముందు జన్యువు ఏం చేస్తుందో చూద్దాం. బాసిల్లస్ తురింజియెన్సిస్ నేలలో ఉండే బాక్టీరియా. దాని నుంచి తీసిన క్రై1ఏసీ జన్యువును పత్తిలో పెట్టారు. ఆకు, కాయ తిన్న గొంగళి పురుగు పేగులో క్షారగుణం ఉంటుంది. అక్కడ ఈ ప్రోటీన్ చురుకై పేగు గోడకు అతుక్కుని చిల్లులు పెడుతుంది. పురుగు తిండి మానేసి చస్తుంది. మన కడుపులో ఉండేది ఆమ్లం, పైగా ఆ ప్రోటీన్ అతుక్కునే చోటు మనకు లేదు. ఇది దానికి తెలిసిన ఒకే ఒక్క పని, బాగానే చేసింది.

చేయనివి కూడా ఉన్నాయి. పేనుబంక, పచ్చదోమ, తెల్లదోమ లాంటి రసం పీల్చే పురుగుల మీద దాని ప్రభావం సున్నా. మొక్క ఎక్కువ కాయడానికి అందులో ఏ జన్యువూ లేదు, పోయే కాయను కాపాడుతుందంతే. గది_నం_14 గారూ, "దిగుబడిని పెంచే జన్యువు" అని రాస్తే తప్పవుతుంది.

ఇప్పుడు అసలు విషయం. ఆ జన్యువును సూటిరకంలో (రైతు తన గింజే మళ్లీ వేసుకోగలిగేది) పెట్టాలా, హైబ్రిడ్‌లో (రెండు రకాలను కలిపి పుట్టించేది, ఏటా కొనాల్సింది) పెట్టాలా? ధర ఎంత? పరీక్ష ఎవరు చేయాలి? రైతు పక్కన ఏం వేయాలి? ఇవి డీఎన్‌ఏలో రాసి ఉండవు, మనుషులు కూర్చుని తేల్చుకునేవి. పత్తి కథ ఇక్కడే మలుపు తిరిగింది.

పాతపేపర్లు | రాత్రి 11:15

ధర అన్నారు కదా, కటింగ్ తీశాను. (మా ఆవిడ ఈ అట్టపెట్టెలు అమ్మెయ్యమని పదేళ్లుగా పోరుతోంది.)

బీటీకి అనుమతి 2002 మార్చిలో వచ్చింది. మెక్-12, మెక్-162, మెక్-184 అని మూడు హైబ్రిడ్లు. దానికి కొద్ది నెలల ముందు, 2001లో, గుజరాత్‌లో నవభారత్-151 అనే విత్తనం వేసిన చేలలో అనుమతి లేని బీటీ జన్యువు బయటపడింది. అక్కడ పక్క చేలన్నీ పురుగుకి పోయి ఇవి మాత్రం నిలబడ్డాయి. తగలబెట్టమని ఢిల్లీ ఆదేశం. నిలబడ్డ పంటను తగలబెట్టమంటే ఏ రైతు ఒప్పుకుంటాడు? అంటే అధికారికంగా అనుమతి వచ్చేసరికే విత్తనం పొలంలో ఉంది.

మన రాష్ట్రంలో ఆ మూడు రకాలకు 2005లో అనుమతి పొడిగించలేదు, వరంగల్ ప్రాంతంలో బాగా దెబ్బతిన్నాయని. వేరే హైబ్రిడ్లు వచ్చాయి, ధర మాత్రం దిగలేదు. 450 గ్రాముల ప్యాకెట్ 1,600 నుంచి 1,850 రూపాయలు, అందులో 1,250 దాకా టెక్నాలజీ రుసుమే (జన్యువు కంపెనీకి కట్టేది). 2006 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ రుసుం తీసుకునే మహికో మోన్‌శాంటో కంపెనీ మీద ఎంఆర్‌టీపీ (గుత్తాధిపత్య నియంత్రణ) కమిషన్‌కు వెళ్లింది. వై.ఎస్. రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రి, రఘువీరారెడ్డి వ్యవసాయ మంత్రి. మే నెలలో కమిషన్ రుసుం తగ్గించమంది, రాష్ట్రం 750 రూపాయలకు మించి అమ్మకూడదంది. మిగతా రాష్ట్రాలు వెనకే వచ్చాయి. 2007లో మన దగ్గర చట్టమే చేశారు.

డల్లాస్ బాబాయ్ గారూ, బీటీ చిన్న రైతు దాకా వెళ్లిందంటే అందులో ఆ 750కి కూడా వాటా ఉంది. రాజకీయం అంటుకుంటే చెడుతుందన్న సూత్రం ఇక్కడ ఎలా పనిచేస్తుందో చెప్పండి.

డల్లాస్_బాబాయ్ | రాత్రి 11:48

ధర తగ్గించడం తప్పనలేదండీ. కానీ ఆ తర్వాత ఏమైందో కూడా రాయండి. 2015 చివర్లో కేంద్రం దేశమంతటికీ ధరల కంట్రోల్ ఆర్డర్ తెచ్చింది. రుసుం 2016లో 49కి, 2018లో 39కి, 2019లో 20కి పడింది, తర్వాత సున్నా. బీజీ-2 (బోల్‌గార్డ్-2, రెండు బీటీ జన్యువులు పెట్టిన రెండో రకం) తర్వాత చెప్పుకోదగ్గ కొత్తది అధికారికంగా రాలేదు. డబ్బు రాని చోటికి కొత్త టెక్నాలజీ ఎవడు తెస్తాడు? ఇప్పుడు కలుపుమందు తట్టుకునే పత్తి దొంగచాటుగా అమ్ముతున్నారు, బిల్లు లేదు, గ్యారంటీ లేదు. ఇది మీ రాజకీయం ఇచ్చిన ఫలమే.

పాతపేపర్లు | రాత్రి 11:56

ఈ పాయింటుకి నా దగ్గర పూర్తి జవాబు లేదు, ఒప్పుకుంటున్నా.

చెల్క_పత్తి | ఆదివారం, ఉదయం 6:10

మాది ఉమ్మడి వరంగల్ జిల్లా. ఇంటర్ దాకా చదివాను, నాలుగెకరాల చెల్క, అంతా పత్తే. రాత్రి మీరు రాసినవన్నీ ఇప్పుడే చదివిన.

నిన్న రెండో ఏరుడులో ఒక కాయ పగలగొట్టి చూసిన. బయటికి నున్నగా ఉంది, రంధ్రం కనపడదు. లోపల ఒక అరలో దూది పసుపు పట్టి ముద్ద కట్టింది, గింజ మధ్యలో గులాబీ రంగు పురుగు చుట్టుకుని పడుకుంది. గింజ డొల్ల. ఆ కాయ నుంచి వచ్చేది కాసింత గుడ్డి పత్తి, దానికి సగం ధర కూడా రాదు. పూత మీద ఉన్నప్పుడే గుడ్డిపూలు కనబడ్డాయి, రేకలు విచ్చుకోకుండా గులాబీ మొగ్గలెక్క ముడుచుకుని. అప్పుడే ఏరి కాల్చేయాల్సింది. కూలీలు దొరకలే.

బీటీ మొదట్ల మంచిగనే పనిచేసింది, అబద్ధం చెప్పను. పచ్చపురుగు పోయింది. ఈ గులాబీది మాత్రం తినుకుంటూ తిరుగుతుంది, దానికి ఈ విషం ఇప్పుడు ఉప్పుకారం లెక్క.

ఒకటి అడుగుత. ప్యాకెట్‌లో చిన్న ప్యాకెట్ ఇచ్చేవాళ్లు కదా, 120 గ్రాములది. అదెందుకో మాకు ఎవరూ చెప్పలే. మా బాపు దాన్ని అటక మీద పారేసేవాడు. "కంపెనోడు తూకం కోసం పెట్టిండు" అనేవాడు. ఒక ఏడాది ఎలుకలు తిన్నయి.

జీవకణం | ఉదయం 9:30

అన్నా, ఈ దారం మొత్తంలో నాకు బాగా గుచ్చుకున్నది ఆ చిన్న ప్యాకెట్.

అది బీటీ లేని విత్తనం. చేను చుట్టూ కనీసం ఐదు వరుసలు, లేదా విస్తీర్ణంలో 20 శాతం, ఏది ఎక్కువైతే అంత వేయమని అనుమతి షరతు. లక్షల్లో ఏదో ఒక పురుగుకి బీటీని తట్టుకునే గుణం పుట్టుకతోనే ఉంటుంది. చేనంతా బీటీయే అయితే బతికి మిగిలేవి అవే, వాటిలో అవే జత కడతాయి, నాలుగేళ్లలో ఊరంతా వాటి పిల్లలే. పక్కన బీటీ లేని వరుసలు ఉంటే అక్కడ మామూలు పురుగులు బోలెడు బతుకుతాయి, మొండి పురుగుకి జతగా మామూలుదే దొరుకుతుంది. పుట్టిన పిల్లలు బీటీ తింటే చస్తాయి. అంటే పంటలో కొంత పురుగుకి వదిలేస్తేనే మిగతాది దక్కుతుంది.

లెక్క చక్కగా కుదిరింది, కాగితం మీద. కానీ నాలుగెకరాల రైతుకి "నీ చేలో ఐదో వంతు పురుగుకి పెట్టు" అని ఎవరు చెప్పాలి? కంపెనీకి దాంట్లో లాభం లేదు. వ్యవసాయాధికారులు మండలానికి ఎందరున్నారో అన్నకే తెలుసు. తర్వాత విడి ప్యాకెట్ తీసేసి బీటీ లేని గింజలను అదే సంచీలో కలిపి అమ్మడం మొదలుపెట్టారు. అప్పటికే 2010లో గుజరాత్‌లో గులాబీ పురుగు మొదటి రకం బీటీని తట్టుకుంటోందని కంపెనీయే ఒప్పుకుంది. 2014-15 నాటికి బీజీ-2 కూడా దాని ముందు ఓడింది.

సందేహాలరావు | ఉదయం 10:02

మరి అమెరికాలో, చైనాలో అదే బీటీ, అదే పురుగు. అక్కడా ఇంతేనా? లేక మన కర్మేనా?

జీవకణం | ఉదయం 11:10

రావు గారూ, చాలా మంచి ప్రశ్న. జవాబు కొంచెం పొడుగు.

అమెరికా అరిజోనాలో రైతులు బీటీ లేని వరుసలను గట్టిగా పాటించారు. తర్వాత ప్రభుత్వం, రైతు సంఘాలు కలిసి గొడ్డు చేసిన (జత కట్టినా పిల్లలు పుట్టని) రెక్కలపురుగులను విమానాలతో చేలమీద వదిలాయి. 2018లో దేశంలో గులాబీ పురుగు లేదని ప్రకటించారు. బీటీ ఒక్కటే అయితే ఇది జరిగేది కాదు, ఆ ఖర్చు పెట్టిన వ్యవస్థ ఉంది కాబట్టి జరిగింది.

చైనా సంగతి ఇంకా తమాషా. యాంగ్‌ట్సీ లోయలో రైతులు బీటీ హైబ్రిడ్‌ల రెండో తరం గింజలను వేసుకున్నారు. రెండో తరంలో గుణాలు చీలిపోయి నాలుగు మొక్కల్లో ఒకటి బీటీ లేనిది వస్తుంది. అంటే ఎవరూ చెప్పకుండానే చేలో పాతిక శాతం మామూలు మొక్కలు! తట్టుకునే గుణం అక్కడ పెరగకపోగా తగ్గింది. 2017లో దీనిమీద పరిశోధన పత్రం వచ్చింది. రైతు పొదుపు కోసం చేసిన పని శాస్త్రవేత్తలు కోరుకున్న పని అయింది.

మన దగ్గర? ఏటా కొత్త హైబ్రిడ్, ఐదారు నెలలు దాటి చేలో నిలబడే రకాలు, నీళ్లుంటే ఫిబ్రవరి, మార్చి దాకా వదిలేయడం. గులాబీ పురుగుకి పత్తే ప్రధాన ఆహారం, మనం దానికి ఏడాదంతా హాస్టల్ నడిపాం.

గద్వాల_పిల్ల | మధ్యాహ్నం 12:45

హైబ్రిడ్ హైబ్రిడ్ అంటున్నారు, అది ఎలా తయారవుతుందో ఎవరైనా చూశారా? నేను ఆ చేలల్లో పెరిగాను.

సీడ్ పత్తి చేలో ఆడ వరుసలు, మగ వరుసలు వేరు. మధ్యాహ్నం నుంచి పొద్దుగూకే దాకా ఆడ మొక్కల మీద రేపు విచ్చుకోబోయే మొగ్గలు వెతకాలి. బొటనవేలి గోటితో మొగ్గ చుట్టూ గీరి రేకలను, పుప్పొడి తిత్తులను ఒకేసారి ఊడదీయాలి, మధ్యలో కాడ విరగకూడదు. గుర్తుకి ఎర్ర కాగితం తొడగాలి. మర్నాడు ఎనిమిదింటి నుంచి మగ పువ్వు తెచ్చి దాని పుప్పొడి ఆ కాడకు రుద్దాలి. ఇలా ఒక్కో పువ్వుకీ, రెండు నెలల పైన. దీన్ని మేము క్రాసింగ్ అంటాం. మొక్క ఎత్తుకి సరిపోతారని, వేళ్లు చిన్నవని ఆడపిల్లలను పెట్టేవాళ్లు. కర్నూలు, మహబూబ్‌నగర్ వైపు బడి మానేసినవాళ్లు ఎందరో. నేను రెండు సీజన్లు వెళ్లాను, తర్వాత మా పెదనాన్న గొడవపడి బడిలో వేశాడు. గోరు పక్కన చర్మం ఇప్పటికీ గట్టిగానే ఉంటుంది.

పాతపేపర్లు గారి ప్యాకెట్ ధరలో ఆర్గనైజర్ (కంపెనీకి, సీడ్ రైతుకి మధ్యవర్తి) కమీషన్ ఉంది, టెక్నాలజీ రుసుం ఉంది. మా గోరు లెక్క ఎక్కడుందో నాకు ఇప్పటికీ తెలియదు.

డల్లాస్_బాబాయ్ | మధ్యాహ్నం 1:30

అమ్మా, ఇది నాకు తెలియదు. నిజంగా తెలియదు.

లా_పాయింట్ | మధ్యాహ్నం 2:15

హైబ్రిడ్ ఎందుకంటే, మన 2001 రకాల పరిరక్షణ చట్టం రైతుకి విత్తనం దాచుకునే హక్కు ఇచ్చింది. సూటిరకం అయితే రైతు ఒకసారి కొని తర్వాత తన గింజే వేసుకుంటాడు. హైబ్రిడ్ రెండో ఏడాది అలాగే రాదు, కాబట్టి మళ్లీ కొట్టుకి రావాలి. చట్టం తీసిన తాళాన్ని మొక్కలోనే బిగించారు. పత్తిలో ఇంతగా హైబ్రిడ్ల మీద ఆధారపడ్డ దేశం మనలా ఇంకొకటి కనబడదు.

ప్రభుత్వం సూటిరకంలో ప్రయత్నించలేదా అంటే ప్రయత్నించింది. నాగపూర్ కేంద్ర పత్తి పరిశోధన సంస్థ తదితరులు బికనేరి నర్మా బీటీ తెచ్చారు, రైతు గింజ దాచుకోవచ్చు. 2009లో విడుదల, వెంటనే వెనక్కి. స్వదేశీ అని చెప్పిన దాంట్లో మోన్‌శాంటో జన్యువు ఉందని తేలింది. విచారణకు సోపోరీ కమిటీ వేశారు. దాంతో ఆ దారి చాలా ఏళ్లు మూసుకుపోయింది. ఇక్కడ చెడగొట్టింది మంత్రులో కంపెనీయో కాదు, ప్రభుత్వ ప్రయోగశాలల్లో జరిగిన పొరపాటు. అదీ రాసుకో తమ్ముడూ.

బీటీ జన్యువు మీద పేటెంట్ కథ వేరే. నూజివీడు సీడ్స్ అనే విత్తన కంపెనీ, మోన్‌శాంటో కేసులో 2018లో ఢిల్లీ హైకోర్టు పేటెంట్ చెల్లదంది, 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఆ తీర్పు పక్కనపెట్టి మళ్లీ విచారించమంది, 2021లో వాళ్లే రాజీపడ్డారు. అసలు ప్రశ్నకు జవాబు రానే లేదు.

ఎర్రకండువా | మధ్యాహ్నం 3:05

ఇంత తిరగడం ఎందుకు? బీటీ వచ్చింది, రైతులు చచ్చారు. కార్పొరేట్ హత్యలు అని ఒక్క ముక్కలో రాస్తే సరిపోతుంది.

పాతపేపర్లు | సాయంత్రం 4:20

సరిపోదు. నేను మీ పక్షమే, అయినా సరిపోదు. వరంగల్‌లో పత్తి రైతులు వరసగా ప్రాణాలు తీసుకున్నది 1997-98లో. అప్పటికి చట్టబద్ధంగా బీటీ గింజ మన నేలలో పడలేదు. లద్దె పురుగు, కల్తీ మందులు, వడ్డీకిచ్చిన షాపువాడే మందు అమ్మడం, కౌలు, ఎండిన బోరు. 2008లో అంతర్జాతీయ ఆహార విధాన పరిశోధన సంస్థ లెక్కలు తీసి బీటీయే ఆత్మహత్యలకు కారణమనడానికి ఆధారం లేదంది. బీటీ ఆ అప్పులు తీర్చిందనీ కాదు. మనకు నచ్చిందని ఒక తప్పు వాక్యం వాడితే, రేపు అవతలివాడు దాన్నే పట్టుకుని మిగతా పది నిజాలూ కొట్టేస్తాడు.

అవతలి పక్షమూ తక్కువ కాదు. 2003లో పేరున్న అంతర్జాతీయ పత్రికలో బీటీతో దిగుబడి 80 శాతం ఎక్కువని వ్యాసం వచ్చింది. ఆ లెక్కలు విత్తన కంపెనీ పెట్టిన 2001 ప్రయోగ క్షేత్రాలవి. దాదాపు అదే సమయంలో జహీరాబాద్ దగ్గరి డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ తరఫున వరంగల్ చేలు తిరిగినవాళ్లు బీటీ వేసినవారికే నష్టమన్నారు. ఒకరు ఎంచిన పొలాలు వేరు, ఇంకొకరు ఎంచిన రైతులు వేరు. మీ రెండు మెటీరియళ్లూ ఇలా పుట్టినవే.

దేశ సగటు చూస్తే 2001-02లో హెక్టారుకు 308 కిలోల దూది, 2007-08లో 554, ఇటీవల 450కి అటూ ఇటూ. కానీ బీటీ విస్తీర్ణం ఇంకా కొద్ది శాతంలో ఉన్నప్పుడే పెరుగుదలలో పెద్ద భాగం వచ్చేసింది. ఎరువులు, కొత్త మందులు, గుజరాత్ నీళ్లు కలిశాయి.

మోడరేటర్ | సాయంత్రం 5:00

ఎర్రకండువా గారి తర్వాత వచ్చిన నాలుగు పోస్టులు తీసేశాను. కులం పేరు ఎత్తితే ఖాతా మూస్తాం.

సందేహాలరావు | సాయంత్రం 6:35

బీటీ వంకాయ సంగతి ఎవరూ అనలేదేం? 2010 జనవరి చివర్లో హైదరాబాద్‌లో అప్పటి కేంద్ర పర్యావరణ మంత్రి జైరాం రమేశ్ దానికి అనుమతి ఇవ్వాలా అని బహిరంగ చర్చ పెట్టినప్పుడు నేను వెళ్లాను. లోపల ఒకాయన వంకాయల దండ వేసుకొచ్చాడు, తెల్లకోటు వేసుకున్న విద్యార్థులు ఇంకోవైపు ప్లకార్డులు. మైకు కోసం తోపులాట. ఇంత గోలలో ఏం తేలుతుందిరా అనుకున్నా.

జీవకణం | రాత్రి 7:50

2009 అక్టోబరులో నిపుణుల కమిటీ సరే అంది, ఏడు నగరాల్లో చర్చలయ్యాక 2010 ఫిబ్రవరి 9న మంత్రి ఆపేశారు. చాలామంది తోటి శాస్త్రవేత్తలు గోలకి తలొగ్గారన్నారు. కానీ హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ స్థాపకుడు పి.ఎం. భార్గవ, సుప్రీంకోర్టు ఆ కమిటీలోకి పరిశీలకుడిగా పంపిన మనిషి, పరీక్షలు చాలవని అప్పటికే గట్టిగా చెబుతున్నారు. అటు నిలబడ్డదీ సైన్సే, ఇటు నిలబడ్డదీ సైన్సే. బంగ్లాదేశ్ అదే వంకాయకు 2013లో అనుమతిచ్చింది, ఇప్పటికీ పండిస్తోంది. జన్యువు మారలేదు, సరిహద్దు మారింది.

నా మాట అడిగితే అప్పుడు ఆపడం సరే, కానీ ఆపాక మిగిలిన పరీక్షలు చేయించి తేల్చకుండా వదిలేయడం తప్పు. ఇక్కడ నాతో మా ల్యాబులో సగం మంది ఒప్పుకోరు.

గది_నం_14 | రాత్రి 9:15

అందరికీ థాంక్స్. నోట్సు కొట్టేసి మళ్లీ మొదలుపెట్టాను. 250 పదాల్లో ఎలా ఇమడ్చాలో అర్థం కావట్లేదు. 120 గ్రాముల ప్యాకెట్‌తో మొదలుపెడితే ఎలా ఉంటుంది?

డల్లాస్_బాబాయ్ | రాత్రి 9:32

దానితోనే పెట్టు. మా నాన్న పాతిక మందులు కూడా ఒక లైను రాయి, అదీ అబద్ధం కాదు.

చెల్క_పత్తి గారూ, ఈ ఏడాది మీ చేను సంగతి ఏం చేద్దామనుకుంటున్నారు?

చెల్క_పత్తి | రాత్రి 10:05

డిసెంబర్ దాటనీయను. మోళ్లు పీకి రోటవేటర్ కొట్టించి శనగ వేస్తా. జిన్నింగ్ మిల్లు చుట్టూ లింగాకర్షక బుట్టలు (వాసనతో మగ రెక్కలపురుగులను రప్పించి పట్టేవి) కట్టమని ఏఈఓ మేడమ్ (వ్యవసాయ విస్తరణాధికారి) చెప్పింది, అక్కడి గింజల నుంచే రెక్కలపురుగులు లేస్తయట. మా చేల నాలుగు కట్టిన. బుట్టకు రోజుకు ఎనిమిది చొప్పున మూడు రోజులు వరసగా పడితే మందు కొట్టాలంది. నిన్న ఒకదాంట్ల పదకొండు, ఇయ్యాల తొమ్మిది. రేపు పొద్దున మళ్లీ లెక్కపెట్టాలి.

పక్క చేను పాలోడు మాత్రం మార్చి దాకా ఉంచుతా అంటున్నడు. ఆయన చేను కిందనే నీళ్లున్నయి.